అద్దెకు చందమామ

చిత్తూరు చర్చి వీధిలో మా అంగడి.
బోర్డు మీద రంగు పోయింది గానీ
లోపల రాజ్యాలు ఇంకా ఉండాయి:
అట్ట కిరీటాలు, భుజకీర్తులు, దూది కూరిన గదలు,
కొయ్యకి వేలాడే మూడు గడ్డాలు,
అందులో ఒకటి ఎలకల సొంతం.

మా మామ చెంగల్రాయులు కాలంలో
ఎండాకాలం వస్తే ఊపిరాడేది కాదంట.
పద్దెనిమిది దినాల నాటకానికి
బండి కట్టుకొని వచ్చి
ఒక వంశాన్ని మొత్తం మూట గట్టుకొని పొయ్యేవాళ్లు.
ఇప్పుడు ఫోను మోగితే ఇట్ల:
"అక్కా, ఏనుగు ఉందా? రెండు కాకులు, ఒక చిలక,
ఎల్కేజీ పిలకాయలకి. రేప్పొద్దున ఎనిమిదికి."

ఉంది నాయనా. అన్నీ ఉండాయి.
జోలల్లోంచి, గోరుముద్దల్లోంచి,
అవ్వల ఒళ్లోంచి లేచొచ్చినోళ్లంతా
మా అంగట్లో హ్యాంగర్లకి వేలాడతా ఉండారు
సైజుల వారీగా.

కాకికి కొత్త ముక్కు కుట్టినా.
పోయినేడు స్కూలు వార్షికోత్సవంలో
ఒక పిలకాయ భయానికి పాతదాన్ని కొరికేసినాడు.
చిలకది పచ్చ వెల్వెట్టు. ఉతికితే ఒక పక్క పసుపయింది.
మామిడిపండని చెప్పి
దాన్నే ఇంకో బడికి ఇచ్చినా.

ఏనుగు మాత్రం నెలలో ఇరవై దినాలు ఇంట్లో ఉండదు.
తిరుపతిలో బట్టలషాపు వాకిట్లో దానికి ఉద్యోగం.
లోపల ఉండేది దొరసామి,
డెబ్భై దగ్గిర పడినాడు.
ఒకప్పుడు ఆయన తెర వెనక దగ్గితేనే
ముందు వరసలో నిద్రపొయ్యేవాళ్లు లేచి కూర్చునేవాళ్లు.
ఇప్పుడు తొండం ఊపి
కొండ దిగొచ్చిన గుండు పిలకాయలకి
షేకాండ్ ఇస్తాడు,
వాళ్ల తలల మీద చందనం ఆరకముందే.

మొన్నొక పాప అడిగిందంట:
"ఏనుగుసామీ, నీకు పాట వచ్చునా?"
ఆ మాటకి ఏమయిందో ఆయనకి,
షాపు స్పీకరు దడదడ మోగతా ఉండంగానే
మోహనలో పద్యం ఎత్తుకున్నాడు,
రాజు యుద్ధానికి పొయ్యే ముందర పాడేది.
ఫోము తలకాయలో రాగం
తిరిగి తిరిగి, దారి దొరక్క,
తొండంలోంచి బయటికొచ్చింది.
సెక్యూరిటీవాడు నోట్లో ఈల తీసేసినాడు.
పాప మాత్రం తల అడ్డంగా ఊపింది:
"ఏనుగు పాట అది కాదు."
దొరసామి వంగి,
"అయితే నువ్వు నేర్పు" అన్నాడంట.
నేర్పింది.
ఓనరు బయటికొచ్చిందాకా
ఇద్దరూ మెట్ల మీద ఊగతానే ఉండారు.

ఇంక చందమామ.
సైకిలు రిమ్ముకి అట్ట బిగించి
వెండికాగితం అతికించి, వెనక బల్బులు పెట్టి,
నేను చేసిందే.
ఇది పోని చోటు లేదు:
ఆర్కెస్ట్రా వాళ్ల తలల పైన,
పెండ్లి స్టేజీ మీద,
పుత్తూరులో పాలపొడి ప్రచారానికి,
ఒకసారి ఎలక్షను ఊరేగింపులో కూడా.
ఏ పార్టీదో చెప్పను.

పోయిన వారం పలమనేరు నుంచి ఒకామె వచ్చింది.
"ఏ స్కూలు?" అన్నా.
"స్కూలు లేదక్కా. మా బిడ్డకి."
నాలుగు దినాలుగా ముసురు, ఆకాశంలో ఏమీ లేదు.
ఫోనులో చందమామని చూపిస్తే
మధ్యలో సబ్బు ప్రకటన వస్తాదంట,
బిడ్డ నోరు మూసేస్తాదంట.

ఆధారు జిరాక్సు పెట్టుకొని
రెండు దినాలకి ఇచ్చినా.

నిన్న తెచ్చింది.
బల్బు ఒకటి పోయింది.
కింది అంచున
పెరుగన్నం ఎండిపోయిన చిన్న అరచెయ్యి.
అంటే
తాను తినే ముందు దానికి పెట్టింది.

తడిగుడ్డ తీసుకున్నా.
కాసేపు పట్టుకొని నిలబడినా.
గుడ్డ పిండి దండెం మీద ఆరేసినా,
చందమామని కొక్కేనికి తగిలించినా.

మా మామ నాటి నుంచి లెక్కల పుస్తకం ఒకటే.
అందులో రాసినా:
చందమామ, ఒకటి. తిరిగి వచ్చింది.
మచ్చ ఒకటి ఎక్కువ.
అడ్వాన్సు మొత్తం వాపసు.